ఏ ఘన్‌పూర్?

"అక్కా, జల్ది బండి తోలుండ్రి. మా బాపు కూలవడ్డడు. పిలుస్తే పలుకుతలేడు."

"ఏ ఊరు తమ్ముడూ?"

"ఘన్‌పూర్ పక్కపొంటి చెల్పూర్."

ఆ పిల్లవాడి ఫోన్‌లో రేకుల మీద వాన దరువు, వెనకాల ఆడవాళ్ళ ఏడుపు. మీరు ఆపరేటర్ కుర్చీ వెనక నిలబడి, ఇంకో హెడ్‌సెట్ పెట్టుకుని అదే కాల్ వింటున్నారు. కీబోర్డు మీద ఆమె వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. చెల్పూర్ అన్నాడా, చిల్పూర్ అన్నాడా?

జనగామ జిల్లాలో స్టేషన్ ఘన్‌పూర్ ఉంది. దానికి దగ్గర్లోనే చిల్పూర్, గుట్ట మీద వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న ఊరు. భూపాలపల్లి జిల్లాలో ఇంకో ఘన్‌పూర్ ఉంది. పాతవాళ్ళు ములుగు ఘన్‌పూర్ అంటారు, ఇప్పుడు గణపురం అని రాస్తున్నారు. దానికి దగ్గర్లోనే చెల్పూర్, కేటీపీపీ థర్మల్ ప్లాంటు ఉన్న ఊరు. ఈ రెండు జంటల మధ్య వరంగల్ నగరం మొత్తం ఉంది, రోడ్డు మీద చూస్తే వంద కిలోమీటర్ల పైమాటే. ఇది చాలదన్నట్టు జనగామ జిల్లాలోనే లింగాల ఘన్‌పూర్ అని మూడోది. ఏ ఘన్‌పూర్ వాళ్ళు ఆ ఘన్‌పూర్‌ని ఉత్త ఘన్‌పూర్ అనే పిలుచుకుంటారు. ఉన్న ఊరికి ఇంటిపేరు తగిలించి ఎవరు పిలుస్తారు?

ఆపరేటర్ అడిగింది. "రైలు స్టేషన్ ఉన్న ఘన్‌పూరా తమ్ముడూ?"

"అరే, చెల్పూర్ అని చెప్తున్న గదక్కా! ముందుగాల బండి పంపుండ్రి!"

"పంపుతున్న. మీ ఇంటికాన్నుంచి కేటీపీపీ గొట్టం కనపడ్తదా?"

"ఆఁ, ఆఁ! ప్లాంటు కాడ్నే. పెద్ద గేటు దాటినంక."

అయిపోయింది. ఇలాంటి చోట పిన్‌కోడ్ అడిగితే ఎవరూ చెప్పలేరు. జిల్లా పేరు అడిగినా నమ్మకం లేదు. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి వరంగల్ ముక్కలై జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు పుట్టాయి. భూపాలపల్లిలోంచి 2019 ఫిబ్రవరిలో ములుగు విడిపోయింది. కంగారులో ఉన్న పెద్దవాళ్ళ నోట ఇప్పటికీ "వరంగల్ జిల్లా" అనే వస్తుంది. కానీ పొగగొట్టం అబద్ధం చెప్పదు. ఊరి మనిషి కళ్ళకు కనిపించేదాన్ని అడగాలి. చెరువు కట్టా, బొడ్రాయా, వాటర్ ట్యాంకా, కోటగుళ్ళా అని. ఈ హాలులో కూర్చున్న పిల్లలకు మీరు నేర్పగలిగిన పాఠాల్లో దీన్ని మించింది లేదు.

ఈ రాత్రికి క్యాలెండర్‌లో తేదీ లేదు. జూలైలోనో ఆగస్టులోనో ముసురు పట్టిన ఏ రాత్రయినా కావచ్చు. మీరున్నది హైదరాబాద్ శివారు దేవరయాంజాల్‌లో, 108 కాల్ సెంటర్ హాలులో. రాష్ట్రంలో ఏ మూల నుంచి 108 నొక్కినా ఇక్కడే మోగుతుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఈ మూడు జిల్లాల బాధ్యత ఈ రాత్రికి మీదే అనుకోండి. వాన అక్కడ పడుతోంది. మీ పైన ఏసీ నడుస్తోంది. ఆ దూరాన్ని ఒక్క నిమిషం కూడా మరిచిపోకూడదు.

ఊరు తేలగానే కాల్ వివరాలు పక్క వరసలోని డిస్పాచ్ ఆఫీసర్ స్క్రీన్ మీదికి వెళ్ళాయి. ఆయన చెల్పూర్‌కి దగ్గరున్న బండి పైలట్‌తో అప్పటికే మాట్లాడుతున్నాడు. 108లో డ్రైవర్‌ని డ్రైవర్ అనరు, పైలట్ అంటారు. వెనక పేషెంటు దగ్గర కూర్చునేది ఈఎంటీ. కాల్ చేసినవాళ్ళకు ఈ ఏర్పాటు తెలియదు. ప్రశ్నలన్నీ అయ్యాకే బండి కదులుతుందని అనుకుని, అడిగినకొద్దీ కోపం తెచ్చుకుంటారు. బండి అడ్రసుతోనే కదులుతుంది, మిగతా ప్రశ్నలు దారిలో ఉన్నవాళ్ళ కోసం. "బండి బయల్దేరింది, నేను లైన్ల్నే ఉంట" అన్న రెండు ముక్కలు ముందే చెప్పేస్తే సగం తిట్లు తగ్గుతాయి.

"తమ్ముడూ, ఫోన్ స్పీకర్‌ల పెట్టి కింద వెట్టు. బాపును నేల మీద ఎల్లెలకల పండవెట్టు. ఛాతీ లేస్తున్నదా? చూసి చెప్పు."

"గురక లెక్క వస్తున్నది, అప్పుడొకటి అప్పుడొకటి."

మీరు ఆమె భుజం మీద వేలితో తట్టారు. ఆమెకూ తెలుసు. ఆ గురక ఊపిరి కాదు, గుండె ఆగినప్పుడు వచ్చే ఎగశ్వాస. బతికే ఉన్నాడులే అని ఇంటివాళ్ళు మోసపోయేది ఇక్కడే. డిస్పాచర్ కూడా మోసపోతే ఆ మనిషికి మిగిలిన నాలుగు నిమిషాలూ పోతాయి.

"ఛాతీ నడుమ, రెండు రొమ్ముల మధ్యన అరచెయ్యి మడమ పెట్టు. దాని మీద ఇంకో చెయ్యి. మోచేతులు వంచకు. బలంగ కిందికి ఒత్తు, రెండంగుళాలు దిగాలె. ఒత్తి వదులు, ఛాతీ మళ్ళ పైకి రానియ్యి. నేను లెక్కపెడుత, నాతోని నువ్వు కూడ గట్టిగ లెక్కపెట్టు. ఒకటి, రెండు, మూడు, నాలుగు..."

నిమిషానికి నూరు నుంచి నూట ఇరవై సార్లు. ఆ వేగం ఆమె గొంతులో ఉండాలి, ఎందుకంటే అతని చేతులు ఆమె గొంతును బట్టే నడుస్తాయి. నోట్లో నోరు పెట్టి ఊదమని చెప్పే పని లేదు. తర్ఫీదు లేనివాడికి చేతులతో ఒత్తడం ఒక్కటి చాలు. పెద్దవాళ్ళకు గుండె ఆగిన మొదటి నిమిషాల్లో రక్తంలో ఇంకా ప్రాణవాయువు ఉంటుంది, దాన్ని మెదడుకు తోసే పంపు మాత్రం ఆగి ఉంటుంది. రెండు నిమిషాలకు ఆమె అడిగింది. "ఇంకెవరున్నరు ఇంట్ల?" "మా అన్న." "అన్నకియ్యి. నువ్వు అలిసినవ్. ఆగకుండ మార్చుకోండ్రి." ఒత్తేవాడికి తాను అలిసినట్టు తెలియదు. చెయ్యి కదులుతూనే ఉంటుంది, లోతు మాత్రం తగ్గిపోతుంది. అందుకే రెండు నిమిషాలకోసారి మనిషిని మార్చమంటారు.

అవతల సైరన్ వినబడింది. కుక్కలు మొరిగాయి. ఎవరో "ఇగో ఇటు, ఇటు" అని అరిచారు. "తమ్ముడూ, వాళ్ళు చెయ్యి వెట్టేదాక ఆపకు" అంది ఆమె. కాసేపటికి ఫోన్ కట్టయింది.

ఆయన బతికాడా? ఇక్కడ కూర్చున్నవాళ్ళకు వెంటనే తెలియదు. 48 గంటల తర్వాత ఫోన్ చేసి పేషెంటు ఎలా ఉన్నాడో కనుక్కునే పద్ధతి 108లో ఉంది. ఆ జవాబు రికార్డులోకి చేరుతుంది, కాల్ ఎత్తిన మనిషి చెవిదాకా ప్రతిసారీ రాదు. రావాలని నా అభిప్రాయం. రాత్రంతా లెక్కపెట్టిన గొంతుకు ఆ లెక్క ఎక్కడ తేలిందో తెలుసుకునే హక్కు ఉంది.

మీరు ఆమెను లేపి పది నిమిషాలు బయటికి పంపారు. "సార్, నేను బాగనే ఉన్న" అంటుంది. అందరూ అదే అంటారు. ఆ కుర్చీలోకి ఇంకొకరిని కూర్చోబెట్టండి. ఇలాంటి కాల్ అయిన వెంటనే వచ్చే తర్వాతి కాల్‌లో ఊరి పేరు తప్పుగా రాసేది అలసిన చెయ్యే.

ఇప్పుడు మీ స్క్రీన్ చూడండి. బండ్లు చుక్కలుగా కనిపిస్తున్నాయి. కొన్ని ఖాళీగా బేస్ దగ్గర, కొన్ని కేసు మీద, కొన్ని ఆసుపత్రి ముందు ఆగి. కొత్తగా ఈ పనికి వచ్చినవాళ్ళు కదిలే చుక్కల్ని చూస్తారు. మీరు చూడాల్సింది చుక్కలు లేని జాగాని. చెల్పూర్ బండి కేసు మీద పోయింది. అంటే ఈ క్షణాన గణపురం మండలానికి బండి లేదు. భూపాలపల్లి పట్నం బండి కొంచెం ఇటు జరగాలి, రేగొండ బండి ఇంకొంచెం అటు. కురచ దుప్పటి లాంటిదే ఇది, తల కప్పితే కాళ్ళు బయటపడతాయి. 2023 ఆగస్టు 1న రాష్ట్ర ప్రభుత్వం ఒకేసారి 466 వాహనాలను రోడ్డెక్కించింది. అందులో 204 ఈ 108 అంబులెన్సులు, 228 గర్భిణుల కోసం తిరిగే అమ్మఒడి బండ్లు, 34 పార్థివ వాహనాలు. బండ్లు పెరగడం నిజంగా మంచి మాటే. కానీ పేషెంటును ఎక్కించుకుని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిదాకా పోయి తిరిగొచ్చే బండి భూపాలపల్లి నుంచైనా మానుకోట (మహబూబాబాద్) నుంచైనా పోను డెబ్భై, రాను డెబ్భై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా తిరగాలి. వానలో అది మూడు గంటల మాట. ఆ మూడు గంటలూ వెనక ఉన్న మండలం ఎవరిది?

అందుకే ఎక్కడికి తీసుకెళ్ళాలన్నది బండి పంపడమంత పెద్ద నిర్ణయం. 2022లో మహబూబాబాద్‌కు, 2023లో జనగామకు, భూపాలపల్లికి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. అంతకుముందు ప్రతి గట్టి కేసుకూ ఎంజీఎం తప్ప ఇంకో పేరు నోట్లోకి వచ్చేది కాదు. ఇప్పుడు ఏ కేసు జిల్లా ఆసుపత్రిలో ఆగాలి, ఏది నేరుగా వరంగల్ పోవాలి అని ఈఎంటీ, ఇక్కడి డాక్టరు ఫోన్‌లో మాట్లాడుకుంటారు. మీరు ఆ మాటల్లో వేలు పెట్టరు. ఆ మాటలు తేలేలోగా బండి రోడ్డు పక్కన ఆగి ఉండకుండా మాత్రం చూస్తారు.

పన్నెండున్నరకు ఒక్కసారిగా బోర్డు నిండిపోయింది. జనగామ దగ్గర, పెంబర్తి దాటాక హైవే మీద లారీని కారు గుద్దింది. 163వ జాతీయ రహదారి మీద ప్రమాదం జరిగితే అటు ఇటు పోయే ప్రతి బండివాడూ ఆగి ఫోన్ చేస్తాడు. మంచి మనసే, కానీ పది నిమిషాల్లో ఒకే ప్రమాదానికి ఇరవై కాల్స్. వెయిటింగ్ సంఖ్య పెరుగుతోంది. ఆ వరసలో ఇరవై ఒకటో కాల్ ఎక్కడో పాలకుర్తి అవతల ఒక ముసలామెకు పక్షవాతం వచ్చిందని కావచ్చు. లండన్‌లో 1935 నవంబర్‌లో వింపోల్ వీధిలో ఒక ఇల్లు తగలబడి ఐదుగురు ఆడవాళ్ళు చనిపోయారు. పొరుగాయన టెలిఫోన్ ఎక్స్‌ఛేంజికి ఫోన్ చేస్తే లైన్‌లో ఆగాల్సి వచ్చింది. ఆ గొడవలోంచే 1937 జూన్ 30న 999 పుట్టింది. నంబరు ఒక్కటి చేస్తే సరిపోదు, ఆ నంబరు ముందు వరస పెరగకూడదు. మీరు అందరికీ వినపడేలా చెప్పారు. "పెంబర్తి కాల్స్ పది సెకన్లు. రెండు బండ్లు దారిలో ఉన్నయని చెప్పండి, ఇంకో ప్రమాదం కాదని తేల్చుకోండి, వదిలెయ్యండి." ఇంకో ప్రమాదం కాదని తేల్చుకోవడం ముఖ్యం. వాన రాత్రి ఆగిన బండ్ల వెనక మరో బండి గుద్దుకోవడం హైవే మీద మామూలే. పోలీసుకు కూడా కబురు పోయింది. 2019 నుంచి 112 ఉంది కాబట్టి జనం ఏదైనా నొక్కుతారు. 112కి వచ్చిన కాల్ ఇటు, ఇక్కడి కాల్ అటు పోతూనే ఉంటాయి.

ఒంటిగంటకు లింగాల ఘన్‌పూర్ నుంచి ఒక తల్లి. ఈసారి ఆమే పూర్తి పేరు చెప్పింది. కొడుకు పురుగుల మందు తాగాడు. ఆమె గొంతు విచిత్రంగా నిదానంగా ఉంది. అలాంటి నిదానం విన్నప్పుడే ఎక్కువ జాగ్రత్త పడాలి.

"ఏం మందు తల్లీ? డబ్బా ఉన్నదా అక్కడ?"

"ఏమో బిడ్డా. చేన్ల కొట్టేది."

"డబ్బా చేతిలకు తీసుకో. మీద ఏం రాసున్నదో చదివేటోళ్ళున్నరా? బండెక్కేటప్పుడు ఆ డబ్బా కచ్చితంగ ఎంబడి తెచ్చుకోండ్రి."

ఆ డబ్బా కోసం పట్టుబట్టడం చూసి కొత్తవాళ్ళు ఆశ్చర్యపోతారు. పత్తికి కొట్టే కొన్ని మందులకు ఆసుపత్రిలో విరుగుడు ఉంది. గడ్డి మందుకు లేదు. కొన్నిటికి ఆక్సిజన్ పెట్టాలి, గడ్డి మందు తాగినవాడికి అవసరం లేకుండా పెట్టిన ఆక్సిజనే ఊపిరితిత్తుల్ని ఇంకా పాడుచేస్తుంది. ఏం తాగాడో తెలియకపోతే డాక్టరు చీకట్లో చెయ్యి పెట్టినట్టే. రెండో సంగతి, ఇంటివాళ్ళను ఆపడం. ఉప్పునీళ్ళు, పేడనీళ్ళు తాగించి కక్కించడానికి చుట్టుపక్కలవాళ్ళు అప్పటికే గిన్నె పట్టుకుని నిలబడి ఉంటారు. "ఏం తాగించకుండ్రి తల్లీ. పక్కకు తిప్పి పండవెట్టుండ్రి, మీద వడ్డ బట్టలు తీసేసి ఒళ్ళు కడుగుండ్రి" అని ఒకే మాటను మూడుసార్లు చెప్పించారు మీరు. డాక్టరు లైన్‌లోకి వచ్చాడు. తల్లి అప్పుడు ఏడ్చింది.

దీని గురించి ఒక్క మాట చెప్పాలి. ఈ మూడు జిల్లాలూ పత్తి, మిర్చి, వరి పండే నేలలు. ప్రతి ఇంట్లో, గూట్లోనో దూలానికో ఆ డబ్బా ఉంటుంది. ఎండాకాలం అప్పులు, వానాకాలం ముంపు, ఇంట్లో చిన్న మాటకు మాట, ఏది జరిగినా అది చేతికి అందుతుంది. కాల్ సెంటర్‌కు అది ఒక కేసు రకం. నాకు మాత్రం ఆ డబ్బా అంత దగ్గరగా ఉండటమే అసలు కేసు అనిపిస్తుంది.

రెండు గంటలకు మహాముత్తారం అడవి నుంచి కాల్. సగం మాటలే వినిపించాయి. "పురుగు ముట్టింది... పండుకున్నకాడ..." పామేనా అని ఆపరేటర్ అడిగింది, అవునన్నట్టే ఏదో వినపడి లైన్ తెగింది. తిరిగి చేస్తే స్విచ్ ఆఫ్. ఇంకోసారి, ఇంకోసారి. గోదావరి ఒడ్డున, అడవిలో, సిగ్నల్ కోసం గుట్టెక్కి ఫోన్ చేసేవాళ్ళు కిందికి దిగగానే మళ్ళీ దొరకరు. మీరు స్థానిక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నంబరు, ఆ ఊరి ఆశా కార్యకర్త నంబరు తెప్పించారు. ఆశా ఫోన్ మోగింది. ఆమెకు ఇల్లు తెలుసు. నేల మీద పడుకున్నవాళ్ళను కట్లపాము కరిస్తే నొప్పి ఉండదు, గాటు కనబడదు, తెల్లారేసరికి రెప్పలు వాలి ఊపిరి అందదు. కాబట్టి "ఏం కాలే, పొద్దుగాల పోతం" అనే మాటను ఆమె లోపలికి వెళ్ళి ఆపాలి. తాడుతో బిగించి కట్టొద్దు, కోయొద్దు, నడిపించొద్దు, మంచం మీద రోడ్డుకు తేవాలి. బండి వాళ్ళకు ఎదురు వస్తుంది.

ఆశా కార్యకర్తల మీద నాకు అపారమైన గౌరవం. ఈ హాలులో ఎన్ని స్క్రీన్లున్నా, ఆ ఊళ్ళో వాన వెలిసిందా లేదా అన్నది వాళ్ళకు తప్ప మనకు తెలియదు.

మూడింటికి మానుకోట జిల్లా నుంచి ఇంకో ఆశా. "మేడం, కొత్తగూడ మండలం, ఏజెన్సీ కొత్తగూడ. రెండో కాన్పు, ఉమ్మనీరు పోయింది, నొప్పులు అయిదు నిమిషాలకొకటి." హైదరాబాద్ హైటెక్ సిటీ పక్కన ఒక కొత్తగూడ ఉందని, సింగరేణి కొత్తగూడెం ఇంకోటి ఉందని ఆమెకు తెలుసు కాబట్టి ముందే ఏజెన్సీ అని చెప్పింది. వెనక ఒక ముసలమ్మ లంబాడీలో ఏదో అంటోంది. ఆశా దాన్ని తెలుగులో చెప్పింది. తండాకు, తారు రోడ్డుకు మధ్య వాగు ఎక్కుతోంది.

కొత్తగూడ బండి బయల్దేరింది. పన్నెండు నిమిషాలకు పైలట్ ఫోన్. "సార్, కాజ్‌వే మీద నీళ్ళు పారుతున్నయి. మోకాలి లోతు ఉంటదేమో. అవతల లైటు కనపడుతున్నది. పొమ్మంటరా?"

పొమ్మనే మాట చాలా తేలిగ్గా నోట్లోకి వస్తుంది. అవతల గర్భిణి ఉంది. వానాకాలంలో పైలట్లు చాలాసార్లు మనల్ని అడగకుండానే దిగుతారు కూడా. కానీ మీకు రెండు తేదీలు గుర్తున్నాయి.

2023 జూలై 27. ముందు రోజు నుంచి 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు, భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్లు కురిసింది. తెలంగాణలో అంతకుముందు ఎన్నడూ ఒక్క రోజులో అంత పడలేదు. తెల్లారేసరికి మోరంచవాగు మోరంచపల్లి ఊరి మీదికి వచ్చింది. జనం ఇళ్ళ కప్పులెక్కారు, చెట్లెక్కారు. ఫోన్లలో చార్జింగ్ ఉన్నంతసేపు బయటికి కాల్స్ చేశారు. ఆ కాల్స్‌కు పంపడానికి ఏ అంబులెన్సూ పనికిరాదు. ఎన్డీఆర్ఎఫ్ పడవలు, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఊరిలో నలుగురు కొట్టుకుపోయారు. (ఆ చిట్యాల కూడా రెండున్నాయి. రెండోది నల్లగొండ జిల్లాలో, విజయవాడ హైవే మీద.)

2024 సెప్టెంబర్ 1. మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల మధ్య రైలు పట్టాల కింది కంకరంతా కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. అదే తెల్లవారుజామున మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వాగు వంతెన మీద ఒక కారు కొట్టుకుపోయింది. అందులో తండ్రీ కూతుళ్ళు. నీళ్ళు పైకి వస్తున్నాయని ఇంటివాళ్ళకు ఫోన్ చేసి చెప్పారు. తర్వాత ఫోన్ కలవలేదు. ఇద్దరూ చనిపోయారు.

"వద్దు. ఒడ్డు మీదనే ఆగండి. హెడ్‌లైట్లు అటు పెట్టి ఉంచండి" అన్నారు మీరు.

ఆ మాట అన్నాక పని రెట్టింపవుతుంది. పంపనని చెప్పి ఊరుకోవడం ఈ కుర్చీలో కుదరదు. కలెక్టరేట్‌లో వానాకాలం కంట్రోల్ రూమ్ నడుస్తుంది, అక్కడికి ఫోన్. ఫైర్ స్టేషన్‌కు ఫోన్. ఆశాకు ఫోన్. "అక్కా, తండాల పెద్ద ట్రాక్టర్ ఎవరికున్నది? పై నుంచి చుట్టు తిరిగి వచ్చే బాట ఉన్నదా?" ఉంది. చెరువు కట్ట మీదుగా పక్క గూడెం చుట్టి వస్తే వాగు దాటకుండానే రోడ్డెక్కొచ్చు. నాలుగు కిలోమీటర్లు ఎక్కువ, బురద. బండిని అటువైపు తిప్పించారు. ఈలోపు ఈఎంటీ ఆశాతో లైన్‌లోనే ఉంది. నొప్పులు ఎంతకొకటి, తల కనబడుతోందా, తువ్వాళ్ళు పొడివి ఉన్నాయా. ట్రాక్టర్ ట్రాలీలో పరుపు, మీద టార్పాలిన్, ముసలమ్మ పక్కన.

ట్రాక్టరూ అంబులెన్సూ గూడెం దగ్గర కలిశాయి. ఇంకో ఇరవై నిమిషాలకు గూడూరు చేరకముందే పైలట్ బండి పక్కకు ఆపాడు. కాన్పు బండిలోనే అయింది. ఈఎంటీ బిడ్డను తుడిచి, పొడి గుడ్డ చుట్టి, తల్లి ఛాతీ మీద పడుకోబెట్టి, అప్పుడు ఫోన్ అందుకుంది. "ఆడపిల్ల సార్. ఏడ్చింది. తల్లికి రక్తం ఎక్కువ పోతలేదు. మానుకోట పోతున్నం."

హాలులో రెండు మూడు కుర్చీలు ఇటు తిరిగాయి. ఎవరో చప్పట్లు కొట్టబోయి, పక్కమనిషి కాల్ మీద ఉందని ఆగిపోయారు.

ఒకప్పుడు ఇది ఊహకు కూడా అందేది కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలయ్యేదాకా, తండాలో నొప్పులొస్తే ఎడ్లబండి, ఎవరి కాళ్ళో పట్టుకుని తెచ్చుకున్న జీపు, లేదా మంచం. సత్యం రామలింగరాజు ఈఎంఆర్ఐ పెట్టారు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం దాన్ని రాష్ట్రమంతటికీ తీసుకెళ్ళింది. 2009లో సత్యం కూలినప్పుడు ఇది కూడా ఆగిపోతుందేమోనని అందరూ భయపడ్డారు, జీవీకే సంస్థ చెయ్యి వేసింది. గుజరాత్ మొదలుకొని చాలా రాష్ట్రాలు ఈ నమూనాను తీసుకున్నాయి. ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రమే రెండయింది, ఆ మూడంకెలు మాత్రం మారలేదు. ఏడేళ్ళ పిల్ల కూడా ఆ నంబరు చెప్పగలదు. మన దగ్గర జనం ఇంతగా తమదనుకున్న ప్రభుత్వ సేవలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే 108 సిబ్బందికి జీతాలు ఆలస్యమైనా, బండి టైర్లు అరిగినా నేను తేలిగ్గా తీసుకోలేను.

నాలుగున్నర నుంచి ఆరుదాకా ఏమంత చెప్పుకోవాల్సింది లేదు. మాట్లాడకుండా పెట్టేసిన కాల్స్, రీచార్జ్ గురించి అడిగిన ఒకాయన, జ్వరాలు రెండు, తొర్రూరులో మెట్ల మీంచి జారిన పెద్దాయన. మాట్లాడకుండా కట్ చేసిన ప్రతి నంబరుకూ తిరిగి ఫోన్ చేయించండి. తొంభై తొమ్మిది పిల్లల ఆటే అవుతుంది. మిగిలిన ఒక్కటి నోరు విప్పలేకపోయిన మనిషిది కావచ్చు.

పెద్దాసుపత్రి ముందు రెండు బండ్లు ఆగి గంట దాటింది. పేషెంటు లోపలికి వెళ్ళాడు కానీ స్ట్రెచర్ తిరిగి రాలేదు. ఏ పెద్దాసుపత్రిలోనైనా తెల్లవారుజామున ఇదే కథ. క్యాజువాలిటీలో ఖాళీ మంచం దొరక్కపోతే పేషెంటు మన స్ట్రెచర్ మీదే ఉండిపోతాడు, స్ట్రెచర్ లేని బండి కదలలేదు. పేపర్లలో దీని గురించి ఎవరూ రాయరు. కానీ లెక్కేస్తే, రాత్రి మనం పోగొట్టుకున్న నిమిషాల్లో వాగులు తిన్నవాటికన్నా ఈ గుమ్మం దగ్గర పోయినవే ఎక్కువ ఉండొచ్చు. డ్యూటీ మెడికల్ ఆఫీసర్‌కు మీరే ఫోన్ చేసి, మర్యాదగా, ఒకటికి రెండుసార్లు అడిగారు. ఒక స్ట్రెచర్ వచ్చింది.

పొద్దుటి షిఫ్టు మేనేజర్ వచ్చి పక్కన కుర్చీ లాక్కున్నాడు. నోట్‌బుక్‌లో రాసింది చదివితే సరిపోదు, ఒక్కొక్కటీ నోటితో చెప్పాలి. మీరు చెబుతున్నారు.

"గణపురానికి రేగొండ బండి చూస్తున్నది, చెల్పూర్ బండి ఇంకా తిరిగి రాలే. పెంబర్తి కేసులు క్లోజ్. ముత్తారం పాము కేసు భూపాలపల్లి ఆసుపత్రిల ఉన్నడు, విరుగుడు మొదలుపెట్టిన్రట, ఆశాకు ఒకసారి ఫోన్ చేసి చెప్పించు, ఆమె రాత్రంతా నిద్రపోలే. కొత్తగూడ బండిని మానుకోట నుంచి వెనక్కి రమ్మన్న. కాని ఆ కాజ్‌వే మీద నీళ్ళు తగ్గినయని ఊరోళ్ళు చెప్పినా నమ్మకు. పంచాయతీ కార్యదర్శి పోయి చూసి ఫోటో పెడుతనన్నడు. అది వచ్చేదాక ఆ తండా కేసులన్నీ చెరువు కట్ట బాటనే తిప్పు. పైలట్‌కు ఆ బాట తెలుసు. కొత్త పైలట్ ఎక్కితే మాత్రం పాతాయన నంబరు ఇచ్చి ఇద్దరినీ మాట్లాడించినంకనే పంపు."

అతను రాసుకుంటున్నాడు. "చెరువు కట్ట బాట... ఏ చెరువు సార్?"

"పేరు అడిగిన. ఊరోళ్ళు ఉత్త చెరువనే అంటున్నరు. మైసమ్మ గుడి దాటినంక ఎడమకు, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ కాడ కట్టెక్కాలె. అట్లనే రాసుకో."